కొంచెమా? కొంచెమేనా?

మన పిల్లలకి ఇంగ్లీషు రావడం లేదని గోలపెట్టే పెద్దమనుషుల్ని ఒక్క ప్రశ్న అడగాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. ఆ పిల్లలకి తెలుగు వచ్చునన్న సంగతి మీకు గుర్తుందా, అని!

ప్రశ్న వింతగా ఉందా? ఉండనివ్వండి. తెలుగింట్లో పుట్టిన పిల్ల ఐదో ఏడు నిండేసరికి కొంచెం, కొద్దిగా, కాస్త, కాసిని, కొన్ని, కొందరు, ఎంత, ఎన్ని, ఎంతమంది అనే మాటల్ని ఒకదాని చోట ఒకటి పడకుండా వాడేస్తుంది. ఎవరూ బెత్తం పట్టుకుని నేర్పలేదు. అదే పిల్ల బళ్ళో ఇంగ్లీషు గంట కొట్టేసరికి ‘ఫ్యూ’కీ ‘ఎ ఫ్యూ’కీ, ‘మచ్’కీ ‘మెనీ’కీ మధ్య తేడా తెలియక గుడ్లప్పగించి నిలబడుతుంది. తప్పు పిల్లదా? కాదు. ఇంగ్లీషుదా? అదీ కాదు. ఈ రెంటికీ మధ్య అడ్డంగా నిలబడ్డ మన పాఠాలదీ అని నా వాదన.

నేను ఇంగ్లీషు పంతులమ్మని కాను. ఏదో బి.ఏ. చదివి, నవలలు రాసుకుంటున్నదాన్ని. ‘వ్యాకరణం గొడవ నీకెందుకమ్మా’ అని ఎవరైనా అడిగితే నా జవాబొకటే. బియ్యంలో రాళ్ళు ఏరడానికి వ్యవసాయశాస్త్రంలో పట్టా అక్కరలేదు. పంటికింద రాయి పడ్డ అనుభవం చాలు.

మా వీధిలో ఆరో తరగతి చదివే కుర్రాడొకడు మొన్న పరీక్ష కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. ఖాళీలు పూరించాలట. ‘హి హ్యాజ్ ... ఫ్రెండ్స్’ అని ఒక వాక్యం. వీడు ‘ఎ ఫ్యూ’ అని రాశాడు. ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి, ‘ఫ్యూ’ అని దిద్దారు.

“ఆంటీ, వాడికి కొద్దిమంది స్నేహితులున్నారనే కదా నేను రాసింది! తప్పెలా అయింది?” అన్నాడు.

నిజమే, ఎలా అయింది? ఆ ‘హి’ ఎవరో మనకి తెలియదు. వాడు పలకరించేవాళ్ళు లేక గది మూలన కూర్చుని ఏడుస్తున్నాడో, నలుగురు స్నేహితులతో హాయిగా కేరమ్స్ ఆడుకుంటున్నాడో ఆ కాగితం చెప్పలేదు. ఏడుస్తుంటే ‘ఫ్యూ’. ఆడుకుంటుంటే ‘ఎ ఫ్యూ’. రెండూ ఒప్పే. ఏది రాయాలో నిర్ణయించేది వ్యాకరణం కాదు, ఆ కుర్రాడి బతుకు. ఆ బతుకు గురించి ఒక్క ముక్కా చెప్పకుండా ఖాళీ పూరించమంటే, అది ఇంగ్లీషు పరీక్షా? లాటరీ టిక్కెట్టా?

దీనికి పుస్తకాల్ని తప్పుపట్టి లాభం లేదు. మన తాతల కాలం నుంచీ చేతులు మారుతూ వస్తున్న రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణంలో ఈ సంగతి స్పష్టంగానే ఉంటుంది. ‘ఫ్యూ’ అంటే లేదన్న భావం, ‘ఎ ఫ్యూ’ అంటే ఉందన్న భావం అని. ఆ పి.సి. రెన్‌గారు కూడా నాలాగా నవలలు రాసుకున్నవాడే సుమండీ. 1924లో ‘బో జెస్ట్’ అనే నవల రాసి మహా పేరు తెచ్చుకున్నాడు. నవల రాసేవాడికి మాట వెనక మనిషి కనబడతాడు. ఖాళీలు తయారుచేసేవాళ్ళకి మాత్రం మనిషి పోయి చుక్కలే మిగులుతున్నాయి.

సరే, ‘లేదన్న భావం, ఉందన్న భావం’ అంటే ఆరో తరగతి కుర్రాడికి ఏం బోధపడుతుంది? అదే వాణ్ణి వంటింట్లోకి తీసుకువెళ్ళండి.

“సీసాలో నూనె ఉందేమో చూడు నాన్నా.”

“కొంచెం ఉందమ్మా.”

అంటే నాలుగు అప్పడాలు వేగుతాయి. పొయ్యి వెలిగించవచ్చు.

“కొంచెమే ఉందమ్మా.”

అంటే చెప్పులేసుకుని కొట్టుకి పరిగెత్తాల్సిందే.

సీసా అదే, అడుగున ఉన్న నూనే అదే. మారింది చూసేవాడి మనసు. మొదటివాడు ఉన్నదాన్ని చూశాడు, రెండోవాడు లేనిదాన్ని చూశాడు. ‘ఎ లిటిల్’కీ ‘లిటిల్’కీ ఉన్న తేడా అచ్చంగా ఇదే! తెలుగులో ‘ఏ’ చేరిస్తే ఉసూరుమంటాం, ఇంగ్లీషులో ‘ఎ’ తీసేస్తే ఉసూరుమంటారు. ‘ఒకరిద్దరు వచ్చారు’ అంటే కుర్చీలు వేయించాలి. ‘ఒకరిద్దరే వచ్చారు’ అంటే సభ రద్దు చేసుకోవాలి. ఈ ఒక్క మాట చెబితే పిల్లవాడికి జన్మలో మరిచిపోలేనంతగా పట్టుబడుతుంది. కాని చెప్పరు. ఎందుకు చెప్పరంటే, ఇంగ్లీషు గంటలో తెలుగు మాట్లాడితే అపచారమట!

అలాగే ‘మచ్’, ‘మెనీ’. లెక్కపెట్టగలిగేవాటికి మెనీ, లెక్కపెట్టలేనివాటికి మచ్ అని బట్టీ వేయిస్తారు. ఈ వివేకం తెలుగువాడికి కొత్తదా? ఎంత ఉప్పు, ఎన్ని వంకాయలు! ఏ పిల్లవాడైనా ‘ఎన్ని ఉప్పు’ అంటాడేమో వినండి. పైగా మనం ఇంగ్లీషువాళ్ళ కంటే ఒక మెట్టు ఎక్కువే. వాళ్ళకి వంకాయలైనా, మేనత్తలైనా ‘మెనీ’యే. మనకి వంకాయలైతే ఎన్ని, మేనత్తలైతే ఎంతమంది. కొన్ని వేరు, కొందరు వేరు. వస్తువునీ మనిషినీ ఒకే గంపలో వేసి లెక్కపెట్టని భాష మనది. మూడు గదుల ఇంట్లో పెరిగిన పిల్లని రెండు గదుల ఇంట్లోకి తీసుకువెళ్ళి, ‘నీకు గదులంటే ఏమిటో తెలియదు’ అని చీవాట్లు పెట్టడం ఏం న్యాయం?

అయితే చిక్కులు లేవా అంటే, ఉన్నాయి. ఆ చిక్కులెక్కడ ఉన్నాయో చెప్పడానికైనా తెలుగు కావాలనేదే నా బాధ.

నీళ్ళు తీసుకోండి. పాలు తీసుకోండి. బియ్యం తీసుకోండి. ఇంగ్లీషులో ఇవి మూడూ లెక్కకి రానివి, ఏకవచనం. తెలుగులోనో? నీళ్ళు ఉన్నాయి, పాలు విరిగాయి, బియ్యం అయిపోయాయి. అన్నీ బహువచనమే! “కాసిని మంచినీళ్ళియ్యమ్మా” అంటాం. కాస్త అన్నం, కాసిని నీళ్ళు. అందుకని మన పిల్ల ‘మెనీ వాటర్స్’ అని రాస్తే, అది తెలివితక్కువ కాదు. తన భాషలోని న్యాయాన్ని పక్కింట్లో కూడా పాటించిందన్నమాట. ‘అమ్మాయీ, మనకి నీళ్ళు బహువచనం, వాళ్ళకి కాదు. మనం సలహాలు రెండిస్తాం, వాళ్ళు ఎన్నిచ్చినా ‘అడ్వైస్’ ఒకటే. మనకి వార్తలు అనేకం, వాళ్ళకి ‘న్యూస్’ చివర ఎస్ ఉన్నా ఏకవచనమే’ అని ఒక్క పావుగంట కూర్చోబెట్టి చెబితే, ఏడాదికి సరిపడా ఎర్రసిరా మిగులుతుంది.

నిజానికి ఇంగ్లీషువాళ్ళ లెక్క కూడా అంత చక్కగా ఏమీ లేదు. గోధుమలు ‘వీట్’, ఏకవచనం. ఓట్లు మాత్రం ‘ఓట్స్’, బహువచనం! (ఎన్నికల ఓట్లు కాదండీ, జావ కాచుకునేవి.) గింజ చూస్తే రెండూ గింజే. కుర్చీలు లెక్కపెట్టవచ్చు, బల్లలు లెక్కపెట్టవచ్చు, రెండూ కలిపి ‘ఫర్నిచర్’ అంటే మాత్రం లెక్కకి అందదు. ఇక డబ్బు! ప్రపంచంలో మనుషులు రాత్రీ పగలూ లెక్కపెట్టేది దాన్నొక్కదాన్నే. దానికి ‘మచ్’! కాబట్టి ‘లెక్కపెట్టగలిగితే మెనీ’ అనే సూత్రం విని, ‘డబ్బు లెక్కపెట్టగలం కదా టీచర్’ అని లేచి అడిగిన పిల్లని కూర్చోమనకూడదు. ఆ పిల్ల క్లాసులో అందరికంటే బాగా ఆలోచించింది. ఇది వస్తువు గుణం కాదు, ఆ భాషలో ఆ మాటకి పడిపోయిన అలవాటు అని ఒప్పేసుకుంటే టీచరుగారి గౌరవానికేం లోటు రాదు.

సూత్రాల పుట్టుక కూడా ఒకసారి చూడండి. లెక్కకి వచ్చేవాటికి ‘లెస్’ అనకూడదు, ‘ఫ్యూయర్’ అనాలి అని మనవాళ్ళు ప్రాణం పెడతారు. ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ రాజు కాలం నుంచీ, అంటే తొమ్మిదో శతాబ్దం నుంచీ, లెక్కకి వచ్చేవాటికీ ‘లెస్’ వాడుతూనే ఉన్నారు. 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన తన పుస్తకంలో, సంఖ్య చెప్పేటప్పుడు ‘ఫ్యూయర్’ అంటే సొగసుగా ఉంటుందని తన అభిప్రాయం రాసుకున్నాడు. అభిప్రాయమే సుమండీ! తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని శాసనం చేశారు. ఆ శాసనం మీద వాళ్ళ దేశంలోనే ఇంకా కీచులాటలు. 2008లో టెస్కో అనే పెద్ద కొట్లవాళ్ళు ‘టెన్ ఐటమ్స్ ఆర్ లెస్’ అన్న బోర్డులు తప్పని జనం సణుగుతుంటే, ‘లెస్సూ’ వద్దు, ‘ఫ్యూయరూ’ వద్దని ‘అప్ టు టెన్ ఐటమ్స్’ అని మార్చుకున్నారు. తెలివైన పని! పైగా ఎక్కువ చెప్పేటప్పుడు వాళ్ళకీ ఒక్క మాటే. మోర్ రైస్, మోర్ పీపుల్. తక్కువ దగ్గరే రెండు మాటలు కావాల్సి వచ్చాయి. మనం ఎక్కువకీ ఒక మాటే, తక్కువకీ ఒక మాటే పెట్టుకుని ఏ లోటూ లేకుండా కాపరం చేస్తున్నాం. పరీక్షలో ‘ఫ్యూయర్’ రాయమనండి, కాదనను. కాని ‘లెస్’ అన్న పిల్లని అనాగరికురాలిలా చూడకండి. అలా అనేవాళ్ళు లండన్‌లోనే కావలసినంతమంది ఉన్నారు.

ఇంకో సంగతి. ఊరికే ‘ఫ్యూ’ అనీ, ఊరికే ‘లిటిల్’ అనీ వాళ్ళు ఇళ్ళల్లో మాట్లాడుకోవడం తక్కువ. ‘నాట్ మెనీ’, ‘నాట్ మచ్’, ‘ఓన్లీ ఎ ఫ్యూ’ అంటారు. అవునన్న వాక్యంలో ‘మచ్’ కూడా అంతే. ‘ఐ హ్యావ్ మచ్ మనీ’ అంటే తప్పని కాదు గాని, నాటకంలో జమీందారు మాట్లాడినట్టుంటుంది. ‘ఎ లాట్ ఆఫ్’ అంటే డబ్బుకీ సరిపోతుంది, మనుషులకీ సరిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాడికి ఇంతకంటే నమ్మకమైన నేస్తం లేదు. దాన్ని మనం చివరి పేజీలో దాచి, ముందు పేజీల నిండా చుక్కలు పెడతాం. పైగా ‘క్వైట్ ఎ ఫ్యూ’ అనే గడుగ్గాయి ఒకటుంది. చూడబోతే ‘కొద్దిమంది’లా ఉంటుంది, అర్థం మాత్రం ‘చాలామందే’ అని! దీన్ని సూత్రంతో ఎవరు పట్టుకోగలరు? విని పట్టుకోవాల్సిందే.

వినడం మనకి కొత్తేమీ కాదు. ‘రెండు ముద్దలు తిని వెళ్ళు’ అంటే లెక్కపెట్టి రెండే తినమని ఏ అల్లుడూ అనుకోడు. ‘నలుగురూ ఏమనుకుంటారు?’ అంటే ఆ నలుగురు ఎవరెవరని ఎవరూ అడగరు. ఊరు మారితే ఈ ‘కొంచెం’ వేషం కూడా మారుతుంది. ఒకచోట జర, ఒకచోట రోంత, ఇంకోచోట కూసింత. వీటన్నిటినీ చెవితోనే పట్టుకున్నాం. ఆ చెవినే ఇంగ్లీషుకీ అప్పివ్వమంటున్నాను.

‘ఇంతోటి చిన్న మాటలకి ఇంత రాద్ధాంతమా? ఒక మార్కు పోతే పోయింది’ అనేవాళ్ళుంటారు. వాళ్ళకి మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం మా బాబాయిని ఒక పెద్ద ఆస్పత్రిలో చేర్చారు. మూడోరోజు డాక్టరుగారు బయటికి వచ్చి, మా పిన్ని కొడుకుతో ‘దేర్ ఈజ్ లిటిల్ హోప్’ అని గబగబా చెప్పి వెళ్ళిపోయారు. తమ్ముడు బళ్ళో ఈ ఖాళీలన్నీ పూరించి పదికి పది తెచ్చుకున్నవాడే. వాడు పిన్ని దగ్గరికొచ్చి, “కొంచెం ఆశ ఉందన్నారమ్మా” అన్నాడు. పిన్ని వెంకన్నకి మొక్కుకుంది. బెంగుళూరులో ఉన్న కూతురికి ఫోన్ చేసి, “కంగారుపడకమ్మా, ఆశ ఉందన్నారు. పిల్లల పరీక్షలయ్యాకే రా” అని చెప్పింది. రెండోరోజు తెల్లవారుజామున బాబాయి పోయాడు. కూతురు వచ్చేసరికి చూడ్డానికి మొహం ఉంది గాని, పలకడానికి మనిషి లేడు.

డాక్టరుగారు అబద్ధం చెప్పలేదు. తమ్ముడూ అబద్ధం చెప్పలేదు. మధ్యలో ఒక్క ‘ఎ’ లేదు. ఆ లేకపోవడాన్ని వినడం వాడికి ఎవరూ నేర్పలేదు. ‘ఎ’ ఉన్నా బాబాయి బతికేవాడని నేననను. కాని ‘ఆశ కొంచెమే’ అని తెలిస్తే, కూతురు ఆ రాత్రే బస్సెక్కేది. తండ్రి చేత ఒకసారి ‘అమ్మా’ అనిపించుకునేది. ఆ ఒక్క పిలుపు ఖరీదు ఎన్ని మార్కులో ఎవరైనా చెప్పగలరా? అన్నట్టు ఆ డాక్టరుగారూ తెలుగువారే. తెలుగువాళ్ళకి ప్రాణం సంగతి చెప్పేటప్పుడైనా తెలుగులో చెబితే ఆయన చదువు తరిగిపోయేదా? అదింకో వ్యాసానికి సరిపడా కోపం. ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను.

‘మాతృభాషలో చెబితే పిల్లలు మనసులో అనువాదం చేసుకోవడానికి అలవాటుపడతారు, ఇంగ్లీషులో ఆలోచించరు’ అని కొందరు మేధావులు అంటారు. అయ్యా, మీరు వద్దన్నా వాళ్ళు అనువాదం చేసుకుంటూనే ఉన్నారు! కాకపోతే మీకు భయపడి దొంగతనంగా చేసుకుంటున్నారు. దొంగతనంగా చేసుకున్నది తప్పైతే దిద్దేవాళ్ళు ఉండరు. ‘లిటిల్’ అంటే ‘కొంచెం’ అని తమ్ముడు చేసుకున్నది అటువంటి అనువాదమే. పైకి చేయనిస్తే, ‘కొంచెం కాదురా, కొంచెమే’ అని ఎవరో ఒకరు దిద్ది ఉండేవారు.

ఇది మీడియం తగాదా కూడా కాదు. ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బళ్ళకి ఇంగ్లీషు మీడియం పెడుతూ 2019లో ఉత్తర్వులిచ్చారు, 2020లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బళ్ళల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టారు. ఏ మీడియం కావాలన్న దానిమీద పెద్దవాళ్ళు ఎంతకాలమైనా పోట్లాడుకోవచ్చు. కాని ఏ మీడియంలో కూర్చోబెట్టినా పిల్ల వెంట తెచ్చుకునే పలక ఒక్కటే, ఇంట్లో నేర్చుకున్న మాట. కూలికి వెళ్ళే తల్లి తన బిడ్డకి ఇంగ్లీషు కావాలని కోరుకుంటే, ఆ కోరిక న్యాయమైనది. దాన్ని వెక్కిరించే హక్కు, పిల్లల్ని అమెరికా పంపినవాళ్ళకి అసలే లేదు. అందుకనే అడుగుతున్నాను. ఆ తల్లి నేర్పిన ‘కొంచెం’నీ ‘కాసిని’నీ బడి గుమ్మం బయట చెప్పులతోపాటు విడిచి రమ్మంటే, ఆ బిడ్డ లోపల దేనిమీద నిలబడాలి?

నేను కోరేవి పెద్ద కోరికలు కావు. విడివాక్యానికి ఖాళీ పెట్టి ‘ఫ్యూ’నా, ‘ఎ ఫ్యూ’నా అని అడగడం మానెయ్యండి. దానికి ముందూ వెనకా ఇంకో రెండు వాక్యాలు చేర్చి, ఆ మనిషి ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో చెప్పండి. రెండూ ఒప్పయినచోట రెంటికీ మార్కు వెయ్యండి. ఎంతకీ ఎన్నికీ ఉన్న తేడా తెలిసిన పిల్లకి ‘నీకు సగం పాఠం ముందే వచ్చు’ అని చెప్పండి. నీళ్ళూ పాలూ బియ్యం దగ్గర మాత్రం చెయ్యి పట్టుకుని దాటించండి. వీటికి కొత్త పుస్తకాలు అక్కరలేదు, కంప్యూటర్లు అక్కరలేదు, సర్కారు నిధులు అంతకన్నా అక్కరలేదు. పాఠం చెప్పేవారు తమ భాషని చూసి తామే సిగ్గుపడకుండా ఉంటే చాలు.

అలాంటి టీచర్లు ఇప్పటికే ఉన్నారని నాకు తెలుసు. ఉన్నారు, కొద్దిమంది. నా భయమల్లా ఒక్కటే, వాళ్ళు కొద్దిమందే అని.